అడుగబడని ప్రశ్న: ‘కేరీ’ చలనచిత్రము – ఒక పరిశీలనము

భయానకము ప్రధానముగా గల చలనచిత్రములు సాహిత్య విమర్శకుల దృష్టిని ఆకర్షించుట అరుదు. దయ్యములు, నెత్తురు, అర్ధరాత్రపు కేకలు – ఇవి కాలక్షేపమునకే గాని చర్చకు తగినవి కావను అభిప్రాయము పెద్దలలో నాటుకొని యున్నది. పెక్కు చిత్రముల విషయమున ఈ అభిప్రాయము సత్యమే. కాని 1976లో అమెరికాలో వెలువడిన ‘కేరీ’ అను చిత్రమును ఆ కోవలో చేర్చుట న్యాయము కాదు. తోటివారి పరిహాసమునకు గురియైన యొక పాఠశాల బాలిక కథ అది. ఆ కథకును, తెలుగువారు వేయేండ్లుగా చదువుచున్న భారతమునందలి సభాఘట్టమునకును గల పోలిక ఆశ్చర్యకరమైనది. పోలికకంటె భేదము మరింత విచారింపదగినది. ఆ రెండింటిని పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మూలకథ

ఈ చిత్రమునకు మూలము స్టీఫెన్ కింగ్ రచించిన నవల. అది 1974లో అచ్చయినది. అచ్చయిన ఆయన నవలలలో అదియే మొదటిది. దానిని వ్రాయునాటికి ఆయన మెయిన్ రాష్ట్రములోని హాంప్డెన్ అకాడమీ అను పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. మొదట వ్రాసిన కొన్ని పుటలు నచ్చక పారవేయగా, భార్య టబిత వానిని చెత్తబుట్టనుండి తీసి చదివి, కథను ముగింపుమని ప్రోత్సహించినదట. ఈ సంగతిని ఆయన 2000లో ప్రకటించిన తన రచనానుభవముల గ్రంథములో చెప్పుకొన్నాడు.

ఆ గ్రంథములోనే మరియొక విషయము కలదు. కేరీ పాత్రకు ఆధారము తాను చదువుకొను దినములలో ఎరిగిన ఇద్దరు బాలికలని కింగ్ వ్రాసినాడు. నవల వ్రాయునాటికే ఇరువురును మరణించి యుండిరి. వారిలో ఒకతె ప్రతిదినమును ఒకే దుస్తులు ధరించి బడికి వచ్చెడిది. తోటి బాలికలు అందుకై ఆమెను ఎగతాళి చేసెడివారు. ఒకసారి సెలవుల పిమ్మట ఆమె క్రొత్త దుస్తులతో, క్రొత్త తీరున దిద్దుకొన్న జుట్టుతో వచ్చినది. ఎగతాళి తగ్గలేదు, ఇంకను హెచ్చినది. అందరివలె ఉండగోరుటయే ఆమె చేసిన నేరమైనది. కేరీ నవలకంతకును ఈ చిన్న సంఘటన బీజప్రాయమని చెప్పవచ్చును.

బ్రయన్ డి పాల్మా ఈ నవలను తెరకెక్కించినాడు. చిత్రానువాదము లారెన్స్ కోహెన్‌ది. సంగీతము పీనో డొనాజియోది. కేరీగా సిసీ స్పేసెక్, తల్లి మార్గరెట్ వైట్‌గా పైపర్ లారీ నటించిరి. ఇరువురును ఆస్కారు బహుమానమునకు పరిశీలింపబడిరి. భయానక చిత్రములలోని నటనకు అట్టి గుర్తింపు లభించుట ఆనాడును అరుదు, ఈనాడును అరుదు. తరువాత ఈ కథ 1988లో సంగీతరూపకముగాను, 2002లో దూరదర్శన చిత్రముగాను, 2013లో మరల చలనచిత్రముగాను వచ్చినది. కాని 1976 నాటి చిత్రమునకు గల స్థానము వేరు.

మాట దక్కని బాలిక

చిత్రారంభమున వాలీబాల్ ఆటలో కేరీ బంతిని అందుకొనలేక పోవును. వెంటనే స్నానశాల దృశ్యము. అచట ఆమె తొలిసారి రజస్వల యగును. ఇది యేమో ఆమెకు తెలియదు. తల్లి చెప్పలేదు. తాను చనిపోవుచున్నానని తలచి, నెత్తురంటిన చేతులతో తోటి బాలికల సాయము కోరును. వారు నవ్వుదురు, కేకలు వేయుచు, ఋతుకాలమున వాడు వస్తువులనే ఆమెపై విసరుదురు.

ఈ దృశ్యము మొదలు నృత్యోత్సవము వరకు చిత్రమును జాగ్రత్తగా చూచినచో ఒక సూత్రము కానవచ్చును. కేరీ నోరు తెరచిన ప్రతిచోటను ఆమె మాట త్రిప్పికొట్టబడుచుండును. స్నానశాలలో సాయమడిగిన మాటకు బదులు నవ్వు. ప్రధానోపాధ్యాయుడు ఆమెను ఓదార్చుటకు పిలిపించి, పేరునే తప్పు పలుకును. మరల మరల తప్పే పలుకును. ఆమె తన పేరును తానే అరచి చెప్పుకొనవలసి వచ్చును. ఆ అరపుతోడనే బల్లమీది పాత్ర యెగిరి నేలబడును. ఇంట ‘ఇది నాకేల చెప్పలేదు’ అని తల్లిని అడుగగా, ఆమె దానిని పాపఫలమని గద్దించి, చీకటి అరలో బంధించి తాళము వేయును.

వీనిలో మిక్కిలి బాధాకరమైనది తరగతి గదిలోని దృశ్యము. టామీ అను విద్యార్థి వ్రాసిన పద్యమును ఉపాధ్యాయుడు చదివి, అభిప్రాయము చెప్పుమని విద్యార్థులనడుగును. ఎవరును పలుకరు. వెనుక కూర్చున్న కేరీ తలవంచుకొని, బాగున్నదని ఒక్క మాట యనును. చిత్రములో ఆమె స్వేచ్ఛగా పలికిన తొలి మాట అదియేమో! ఉపాధ్యాయుడు ఆ మాటను వెక్కిరించును. తరగతి యంతయు నవ్వును. దుష్టుడని చెప్పదగిన పాత్ర కాదు ఆ ఉపాధ్యాయుడు. తరగతిని నవ్వించి చనువు సంపాదింపవలెనను చాపల్యము మాత్రమే అతనిది. ఆ చాపల్యమునకు మూల్యము ఒక బాలిక చెల్లించినది.

పిదప ఆమె గ్రంథాలయమునకు పోయి, చేయి తాకకయే వస్తువులను కదల్చు మనశ్శక్తిని గూర్చిన పుస్తకములు వెదకును. తన లోపల జరుగుచున్న దానికి ఒక పేరు కావలెను. ఇంటను బడిలోను చెప్పువారు లేరు గనుక ముద్రితాక్షరమును ఆశ్రయించినది. నవలలో ఈ సంగతి వేరొక రీతిగా వ్యక్తమగును. ఆ నవలలో చాల భాగము విచారణ సంఘపు నివేదికలతోను, పత్రికావార్తలతోను, గ్రంథభాగములతోను కూర్పబడినది. అందరును కేరీని గూర్చి మాటలాడుదురు. కేరీ మాట విన్నవారు మాత్రము కొద్దిమంది.

నవ్వునుండి భయానకము

చివరి తరగతి విద్యార్థులు జరుపుకొను నృత్యోత్సవమునకు, చేసిన తప్పునకు పశ్చాత్తాపపడిన సూ అను బాలిక, తన స్నేహితుడైన టామీని కేరీకి తోడుగా పంపును. శిక్షణోపాధ్యాయిని విధించిన దండనను ధిక్కరించి, ఆ కారణమున ఉత్సవమునకు పోజాలని క్రిస్ అను మరియొక బాలిక పగ సాధింపనెంచును. దొంగ ఓట్లతో కేరీని ఉత్సవపు రాణిగా గెలిపించి, వేదికపై నిలిపి, పైనుండి పంది నెత్తురు కుమ్మరింతురు. నెత్తురు నింపిన బకెట్టు తలపై బడి టామీ కూలును. తరువాత కేరీ చూపు నిప్పగును; తలుపులు మూతబడును; ఆ శాల అందరితో దగ్ధమగును.

భరతుడు నాట్యశాస్త్రమున శృంగారమునుండి హాస్యము, రౌద్రమునుండి కరుణము, వీరమునుండి అద్భుతము, బీభత్సమునుండి భయానకము పుట్టునని చెప్పినాడు. ఈ చిత్రమునందును బీభత్సమైన నెత్తురునుండియే భయానకము పుట్టినది. లక్షణమునకు లోటు లేదు. కాని ఆ బీభత్సమునకును పూర్వము హాస్యము కలదు. ఇచటి క్రమము హాస్యము, కరుణము, బీభత్సము, రౌద్రము, భయానకము. హాస్యమును ఆరు విధములుగా విభజించిన భరతుడే అపహసితమును, అతిహసితమును అధమపాత్రలకు కేటాయించినాడు. ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అను సామెత తెలుగిండ్లలో పిల్లలకందరకు వినిపించునదే. ఆ చేటు నవ్వబడినవానితో ఆగదనుట ఈ చిత్రపు తాత్పర్యము.

ఇచట దర్శకుని నేర్పు ఒకటి గమనింపదగినది. నెత్తురు పడిన క్షణమున శాలలో కొందరే నవ్వుదురు. పెక్కుమంది నిశ్చేష్టులై నిలుతురు. కాని కేరీ కంటికి ముఖములన్నియు గిఱ్ఱున తిరుగుచు నవ్వుచున్నట్లే తోచును. ఆమెను ఆదరించిన ఉపాధ్యాయిని కూడ నవ్వుచున్నట్లే తోచును. అందరును నిన్ను జూచి నవ్వుదురని ఇల్లు వెడలునప్పుడు తల్లి చేసిన హెచ్చరిక చెవిలో మారుమ్రోగును. ఏండ్లతరబడి నవ్వబడిన బిడ్డకు మిత్రుని మౌనమునకును శత్రుని నవ్వునకును భేదము తెలియదు. అందుచేతనే దోషులతోపాటు నిర్దోషులును మడసిరి. ఆ ఉపాధ్యాయిని సైతము మడసినది. కుట్రను కనిపెట్టి చెప్పవచ్చిన సూను అపార్థము చేసికొని, చేయిపట్టి శాలనుండి వెలికి నెట్టినది ఆమెయే. ఆమె మంచితనము శంకింపరానిది. వినుటకు ఒక్క నిమిషము ఓపిక చాలకపోయినది.

రెండు సభలు

ఈ దృశ్యమును చూచు తెలుగువానికి ద్రౌపది స్ఫురింపక మానదు. వ్యాసభారతమున ద్రౌపది సభకు ఈడ్వబడునప్పుడు రజస్వల, ఏకవస్త్ర. ఆమెను జుట్టుపట్టి యీడ్చిరి. దాసి యని పిలువగా కర్ణుడు బిగ్గరగా నవ్వెను. పెద్దలు తలలు వంచుకొనిరి. స్త్రీధర్మమున నున్న దేహము, నిండు సభ, నవ్వు, నెత్తురు, ప్రతీకారము – ఈ యైదును రెండు కథలలోను కలవు. స్టీఫెన్ కింగ్‌కు భారతకథ ప్రేరణమని చెప్పుట కిది ఆధారము కాదు. మానవుని అవమానము ఏ దేశమునందైనను ఈ మార్గముననే నడుచునని మాత్రము తెలియుచున్నది.

భేదము ద్రౌపది నోట కలదు. తన్ను పిలువవచ్చిన ప్రాతికామిని ఆమె వెనుకకు పంపినది: ధర్మరాజు ముందు తన్నోడెనా, నన్నోడెనా? సభకు వచ్చిన పిమ్మటను ఆ ప్రశ్ననే అడిగినది. ధర్మము సూక్ష్మమని భీష్ముడు తప్పుకొనెను. కాని విదురుడు పలికెను; కౌరవులలో చిన్నవాడైన వికర్ణుడు లేచి ఆమె పక్షమున వాదించెను. న్యాయము జరుగలేదు; అయినను ప్రశ్న సభలో నిలిచినది. ప్రశ్న నిలిచినందుననే తరువాతి యుద్ధమునకు అర్థము ఏర్పడినది. పదుమూడేండ్ల పిమ్మట నెత్తురు చిందినపుడు అది యెవరిది, ఎందుకు చిందినది అను విచారణ కవకాశము మిగిలినది.

కేరీకి ప్రశ్న లేదు. అడుగుటకు కావలసిన భాషను ఇల్లును ఈయలేదు, బడియును ఈయలేదు. ఆమె సభలో వికర్ణుడు కాదగిన టామీ మాట పెకలకముందే నేలకూలెను. నెత్తురోడుచు వేదికపై నిలిచిన కేరీ ఒక్క మాటయు పలుకదు. మాట నిలువవలసిన చోట నిప్పు నిలిచినది. ఆ నిప్పు ఎవరిని విచారింపదు, అందరిని కాల్చును. ఈ చిత్రపు భయానకత్వము ఇచట నున్నది.

1977 జనవరిలో, అనగా ‘కేరీ’ విడుదలయైన కొలది మాసములకే, నందమూరి తారకరామారావు దర్శకత్వమున ‘దానవీరశూరకర్ణ’ వెలువడినది. అందు మయసభలో నవ్వబడినవాడు దుర్యోధనుడు. కొండవీటి వెంకటకవి కూర్చిన సంభాషణములలో ఆ పరాభవమును గూర్చిన దీర్ఘప్రసంగము తెలుగునాట పలువురకు కంఠస్థము. నవ్వబడినవానికి భాష కలదు. కాని ఆ భాష అతనిని శాంతింపజేయలేదు, పగకు మెరుగు పెట్టినది. కనుక మాట యొక్కటే చాలునని చెప్పరాదు. మాటను విని, తూచి, బదులు చెప్పగల చెవియు కావలెను. దుర్యోధనునకు విన్నవాడు శకుని. ద్రౌపదికి విన్నవాడు వికర్ణుడు. కేరీకి విన్నవారు లేరు.

తెలుగు చిత్రములలో పీడిత బాలికకు అతిలోకశక్తి సాయపడుట క్రొత్త కాదు. 1995లో కోడి రామకృష్ణ దర్శకత్వమున వచ్చిన ‘అమ్మోరు’ అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అచట శక్తి గ్రామదేవతది. ఆమె దుష్టుని శిష్టుని ఎరిగి దండించును. ప్రేక్షకుడు నిశ్చింతగా ఇల్లు చేరును. ‘కేరీ’లో శక్తి బాలికయందే కలదు, దానికి వివేకము నేర్పినవారు లేరు. ఆ చిత్రము చూచినవానికి నిశ్చింత కలుగదు.

అగ్నిగుండము

కృష్ణగిరి, ధర్మపురి, చిత్తూరు సీమలలో ధర్మరాజస్వామి, ద్రౌపదమ్మ గుడులు గల గ్రామములందు భారతోత్సవము జరుగుట ఈ ప్రాంతపు వారెల్లరు ఎరిగినదే. పగలు కథాకాలక్షేపము, రాత్రి వీథినాటకము. చివరి దినములలో ఆరుబయట దుర్యోధనుని పెద్ద మట్టిబొమ్మను పరుండబెట్టుదురు. భీమ వేషధారి తొడ విరుగగొట్టును. ద్రౌపది వేషధారి విరబోసికొన్న కురులను ముడివైచుకొనును. తదుపరి ఊరివారు అగ్నిగుండము తొక్కుదురు.

దీని భావమేమి? ఒక స్త్రీకి సభలో జరిగిన అవమానమును ఊరంతయు ఏటేట మరల వినుచున్నది. ఆమె కోపమునకు ఒక దినము, ఒక స్థలము, ఒక హద్దు ఏర్పరచినది. నిప్పును గుండములో నిలిపి, తాము దానిపై నడచి, ఆ అవమానములో తమకు గల పాలును ఒప్పుకొనుచున్నది. కేరీకి అట్టి ఊరు లేదు. చిత్రాంతమున ఆమె యిల్లున్న చోట నాటిన గురుతుపైనను నిందావాక్యమే వ్రాసియుండును. సూ ఆ చోట పూలుంచబోవగా నేలనుండి నెత్తుటి చేయి వచ్చి ఆమెను పట్టుకొనును. అది కల యని తరువాత తెలియును. చాలమంది దీనిని చివరి ఉలికిపాటుగా మాత్రమే చూచిరి. ఊరు ఒప్పుకొనని పాలు ఒంటరిగా ఒక బాలిక నిద్రలోనికి వచ్చినదని చెప్పుకొనుట సమంజసము.

అయినను మన ఆచారములను కేవలము కొనియాడుటయు తగదు. బిడ్డ పెద్దమనిషి యైనపుడు పేరంటము పిలిచి, చిమ్మిలి పెట్టి, హారతి యిచ్చిన సమాజమే నెలనెల ఆమెను దూరముగా కూర్చుండబెట్టినది. ఆరాధించిన చేయియే అంటరాదన్నది. మార్గరెట్ వైట్ తాళము వేసిన చీకటి అర ఒక్క అమెరికాకే పరిమితము కాదు.

గుణదోషములు

ఈ చిత్రమున దోషములు లేకపోలేదు. స్నానశాల దృశ్యారంభమున బాలికల దేహములను మందగతిలో చూపిన తీరు, పరిహాసమును ఖండింపవలసిన చిత్రము తానే ఒకవిధమైన చూపరి యగుటకు దారితీసినది. తల్లి మతావేశమును చిత్రించుటలో అతిశయోక్తి హెచ్చు. ఆమె భర్తచే విడువబడిన బాధితురాలనుట ఒక్క ప్రసంగములో వెల్లడియగును, అప్పటికి కాలము మించిపోవును. ఉత్సవశాలలో తెరను రెండుగా చీల్చి చూపిన భాగము కొంత తడబాటు కలిగించును.

కాని స్పేసెక్ నటనలో ఈ దోషములు చాలవరకు కప్పబడును. ముడుచుకొన్న భుజములతో, జుట్టు చాటున ముఖము దాచుకొని నడచు బాలిక, ఉత్సవమున క్రమముగా తలయెత్తి నవ్వుట నేర్చుకొను ఘట్టము చిత్రమునకు ప్రాణము. ఆ కొలది నిమిషముల సంతోషమును దర్శకుడు దీర్ఘముగా, తొందరలేక చూపినాడు. పైన తాడునకు కట్టిన బకెట్టు ప్రేక్షకునకు తెలియును, ఆమెకు తెలియదు. భయముకంటె ముందు ఇచట జాలి కలుగును. ఈ కారణముననే చిత్రమున అంగిరసము కరుణమనియు, భయానకము అంగమనియు నిర్ణయించుట ఉచితము.

బడిపిల్లల పక్షము

ఇది దూరదేశపు కట్టుకథ యని త్రోసివేయుటకు వీలు లేదు. 2017లో తమిళనాట ఒక పాఠశాల బాలిక, దుస్తులకంటిన మరకను గూర్చి బడిలో కలిగిన అవమానము భరింపలేక ప్రాణము తీసికొన్నదని పత్రికలు ప్రకటించినవి. 2025 ఏప్రిల్‌లో కోయంబత్తూరు జిల్లాలో ఋతుమతియైన బాలికను తరగతి వెలుపల మెట్లపై కూర్చుండబెట్టి పరీక్ష వ్రాయించిరను వార్త వచ్చినది. ఈ బిడ్డలకు కేరీకి గల శక్తి లేదు. కాల్చుటకు వారికి తమ ప్రాణము తప్ప వేరొకటి లేదు. కల్పితకథకంటె నిజము ఇచట ఘోరమైనది.

హోసూరు ప్రాంతమున ఈ విషయమునకు మరియొక ముఖము కలదు. మూకండపల్లి వంటి చోట్ల, పారిశ్రామికవాడ చుట్టును, తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ మాటలాడు కుటుంబములు ఇరుగుపొరుగుగా నివసించుచున్నవి. 2006 నాటి చట్టమును బట్టి తమిళనాటి బడులలో తమిళము తప్పనిసరి భాషయైన పిమ్మట, తెలుగింటి బిడ్డ ఇంటి మాటను ఒక లిపిలోను, బడి మాటను వేరొక లిపిలోను నేర్వవలసి వచ్చుచున్నది. చట్టపు మంచిచెడ్డల చర్చ ఇచట అప్రస్తుతము. కాని అక్షరము తడబడినపుడు, యాస వేరైనపుడు తరగతిలో పుట్టు నవ్వు చిన్నది కాదు. తమిళ తరగతిలో తెలుగు బిడ్డను నవ్వినను, తెలుగు తరగతిలో ఈ సీమ యాసను గ్రంథభాషతో పోల్చి నవ్వినను ఫలమొక్కటే: ఆ బిడ్డ మరునాడు నోరు తెరువదు. నోరు తెరువని బిడ్డకు ఆపద వచ్చినపుడు చెప్పుకొనుటకు ఏ భాషయు మిగులదు.

కావున ‘కేరీ’ని పై తరగతుల పిల్లలకు పెద్దల తోడున చూపి, ద్రౌపది ప్రశ్నతో కలిపి చర్చించుట మేలు. నెత్తురు, నిప్పు ఉన్న చిత్రమగుటచే చిన్నపిల్లలకు తగదు. పెద్దపిల్లలతో చర్చింపవలసిన విషయములు ఇవి: ఆ శాలలో ఎవరెవరు నవ్విరి, ఎవరు మౌనము వహించిరి, వికర్ణుని వలె లేచి మాటాడుటకు ఎవరికి వీలుండెను. చదువుకొను దినములలో ఇద్దరు బాలికలకు జరిగిన దానిని చూచియున్న ఉపాధ్యాయుడొకడు, వారు పోయిన పిమ్మట ఈ నవల వ్రాసినాడు. బడిలో ఇప్పుడు కూర్చున్న పిల్లల విషయమున అంత ఆలస్యము జరుగకుండ చూచు భారము తల్లిదండ్రులయందును, ఉపాధ్యాయులయందును కలదు.